నోరు అంటోంది, మనసు ఎక్కడో తిరుగుతోంది: షుక్ర్ (కృతజ్ఞత), జిక్ర్ (దైవస్మరణ) గురించి ఒక సందేహం

గడియారం_ముల్లు:
అస్సలాము అలైకుమ్. చాలా రోజుల నుంచి లోపల నలుగుతున్న విషయం, ఇక్కడ అడుగుతున్నాను.

సలాం చెప్పి నమాజు ముగించగానే నా బొటనవేలు దానంతటదే వేళ్ల కణుపుల మీద పరుగు మొదలుపెడుతుంది. సుబ్‌హానల్లాహ్ (అల్లాహ్ పరిశుద్ధుడు) 33, అల్‌హమ్దులిల్లాహ్ (స్తుతి అల్లాహ్‌కే) 33, అల్లాహు అక్బర్ (అల్లాహ్ అందరికంటే గొప్పవాడు) 33. లెక్క తప్పదు. కానీ అది పూర్తయ్యేలోపు పంపాల్సిన మెయిల్, పిల్లాడి ఫీజు, నిన్న ఎవరో అన్న మాట అన్నీ బుర్రలో ఒక చుట్టు తిరిగి వస్తాయి. అల్లాహ్ మాత్రం "అత్యధికంగా స్మరించండి" అన్నాడు (ఖుర్‌ఆన్ 33:41, అంటే 33వ అధ్యాయం 41వ వాక్యం). నిలబడి, కూర్చుని, పక్క మీద వాలి కూడా స్మరించేవాళ్లను మెచ్చుకున్నాడు (3:191).

మనసు లేకుండా నోటితో చేసే జిక్ర్‌కు విలువ ఉంటుందా? ఉద్యోగం, సంసారం ఉన్న మామూలు మనిషికి నిరంతర స్మరణ అసలు అయ్యే పనేనా? ఇంకోటి కూడా ఉంది. పరిస్థితి బాగున్నప్పుడు అల్‌హమ్దులిల్లాహ్ అనడం తేలికే. బాగోలేనప్పుడు అంటుంటే ఎందుకో అబద్ధం ఆడుతున్నట్టు అనిపిస్తుంది. తెలిసినవాళ్లు చెప్పండి.

మూడోవరుస:
వ అలైకుముస్సలాం భాయ్. మీ రెండో ప్రశ్న మీకంటే ముందు ఒక సహాబీ (ప్రవక్త సహచరుడు) అడిగేశారు. హంజలా (రజి: అల్లాహ్ ఆయన పట్ల ప్రసన్నుడగుగాక) దైవప్రవక్త ముహమ్మద్ (స: ఆయనకు శాంతి కలుగుగాక) దగ్గర రాతపని చేసినవాళ్లలో ఒకరు. ఒకరోజు అబూబక్ర్ (రజి) ఎదురుపడి ఎలా ఉన్నావని అడిగితే, "హంజలా కపటి అయిపోయాడు" అన్నారు. అబూబక్ర్ ఉలిక్కిపడి, "సుబ్‌హానల్లాహ్, ఏమంటున్నావు?" అన్నారు. "ప్రవక్త దగ్గర కూర్చుంటే స్వర్గం, నరకం కళ్ల ముందే ఉన్నట్టు ఉంటుంది. ఇంటికొచ్చి భార్యాపిల్లలు, బతుకుతెరువు పనుల్లో పడితే చాలావరకు మరిచిపోతున్నాం" అని హంజలా జవాబు. నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి మాట. అబూబక్ర్ ఓదార్చలేదు, మందలించలేదు. "అల్లాహ్ సాక్షి, మా పరిస్థితీ అంతే" అన్నారు!

ఇద్దరూ కలిసి ప్రవక్త (స) దగ్గరికి వెళ్లారు. నా దగ్గర ఉన్నప్పటి స్థితిలోనే మీరు ఎప్పుడూ ఉండిపోతే దైవదూతలు మీ పడకల దగ్గరా దారుల్లోనూ మీతో కరచాలనం చేసేవారు, కానీ హంజలా, ఒక ఘడియ ఇలా, ఒక ఘడియ అలా అని ఆయన మూడుసార్లు చెప్పారు. సహీహ్ ముస్లిం అనే హదీసు (ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనం) గ్రంథంలో ఉంది.

మీరు, నేను ఎంత చెప్పండి. కాస్త టెన్షన్ తగ్గించుకోండి.

లెక్కల_మాస్టారు:
హదీసు సరైనదే. అయితే దాన్ని చెప్పి చేతులు దులుపుకునేవాళ్లను చూశాను కాబట్టి ఒక మాట కలుపుతున్నాను. ఆ రెండో ఘడియ పాపానికి ఇచ్చిన సెలవు కాదు. హంజలా చెప్పింది ఇల్లు, పిల్లలు, సంపాదన గురించి. అవన్నీ ధర్మసమ్మతమైన పనులే.

పైగా ఖుర్‌ఆన్ స్మరణను మస్జిదు గోడల మధ్యే ఉంచలేదు. 62:9లో జుమా (శుక్రవారం సామూహిక నమాజు) పిలుపు వినగానే బేరసారాలు వదిలి అల్లాహ్ స్మరణ వైపు రమ్మంది. మరుసటి ఆయత్ (వాక్యం)లో నమాజు అయిపోగానే భూమ్మీద విస్తరించి అల్లాహ్ అనుగ్రహాన్ని వెతుక్కోండి అంది. ఆ వెంటనే, అదే ఆయత్‌లో "అల్లాహ్‌ను అత్యధికంగా స్మరించండి". అంటే ఆ 'అత్యధికం' వచ్చింది బజారుకు బయల్దేరిన మనిషికి. 24:37 కూడా చూడండి. వర్తకం, క్రయవిక్రయాలు అల్లాహ్ స్మరణ నుంచి ఏమరుపాటులో పడేయని మనుషుల్ని పొగిడింది. వాళ్లు వ్యాపారం మానేసిన వాళ్లు కాదు, చేస్తున్నవాళ్లే.

నమాజులో ప్రతి రకాతు (ఆవృత్తి)లో చదివే ఖుర్‌ఆన్ తొలి సూరా ఫాతిహా సంగతి కూడా మరవకండి. ఐదు పూటల ఫర్జ్ (తప్పనిసరి) రకాతులు కలిపితే 17. అంటే ఇంకేమీ చేయని మనిషి కూడా రోజుకు 17 సార్లు 'అల్‌హమ్దులిల్లాహి రబ్బిల్ ఆలమీన్'తో మొదలుపెడుతున్నాడు.

పాతకాగితం:
మొదటి ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. దీనికి సూఫీ గురువు ఇబ్ను అతాఉల్లాహ్ అల్ ఇస్కందరీ (మరణం 1309) సూటిగా జవాబిచ్చారు. మనసు హాజరు లేదని జిక్ర్ మానేయకు, జిక్ర్ చేస్తూ ఏమరుపాటుగా ఉండటం కంటే జిక్రే లేకుండా ఏమరుపాటుగా ఉండటం ఇంకా నష్టం అన్నది ఆయన మాటల సారం. ఏమరుపాటుతో చేసే జిక్ర్ నుంచి మెలకువతో చేసే జిక్ర్‌కు, అక్కడి నుంచి హృదయం హాజరైన జిక్ర్‌కు అల్లాహ్ నిన్ను ఎక్కించవచ్చని కూడా అంటారు. నోరు ఆగిపోతే ఆ ఎక్కడానికి మొదటి మెట్టే ఉండదు.

బటన్_నొక్కుడు:
నేను వేలికి పెట్టుకునే డిజిటల్ కౌంటర్ వాడతాను. క్రికెట్ చూస్తూ 1000 దాటించిన రోజులున్నాయి 😅 ఎన్ని వికెట్లు పడ్డాయో గుర్తుంది, నేనేం అన్నానో గుర్తులేదు.

లెక్కల_మాస్టారు:
@బటన్_నొక్కుడు కౌంటర్ హరామ్ ఏమీ కాదు గానీ వేళ్లకు ఒక ప్రత్యేకత ఉంది. వేళ్లతో లెక్కపెట్టండి, వాటిని ప్రశ్నించడం జరుగుతుంది, అవి మాట్లాడతాయి అని ప్రవక్త (స) స్త్రీలకు చెప్పినట్టు యుసైరా (రజి) ఉల్లేఖించారు. రేపు తీర్పు రోజున సాక్ష్యం చెప్పేది వేళ్లు, బ్యాటరీ కాదు.

తూరుపు_కిటికీ:
నమస్కారం. నేను ముస్లింని కాను, ఇక్కడ చదువుతూ ఉంటాను. తప్పయితే క్షమించండి. కృతజ్ఞతకు లెక్క ఎందుకు? 33 దాటితే ఒకలా, దాటకపోతే ఒకలా ఉంటుందా?

మూడోవరుస:
తప్పేం లేదండీ, మంచి ప్రశ్న. లెక్క అనేది కనీసం ఇంతైనా చేయడానికి ఒక పట్టు. దానికే విలువ అనుకోకుండా ఇంకో హదీసు కూడా ఉంది. ప్రవక్త (స) సతీమణి జువైరియా (రజి) ఫజ్ర్ (తెల్లవారుజాము) నమాజు చేసి అదే చోట కూర్చుని జిక్ర్ చేస్తున్నారు. ఆయన బయటికి వెళ్లి పొద్దెక్కాక తిరిగొచ్చేసరికి ఇంకా అక్కడే ఉన్నారు. అప్పుడు ఆయన, నీ దగ్గర నుంచి వెళ్లాక నేను నాలుగు మాటలు మూడుసార్లు అన్నాను, పొద్దున్నుంచి నువ్వు అన్నవన్నీ వాటితో తూచితే అవే బరువు తూగుతాయి అన్నారు. ఆయన సృష్టి సంఖ్యంత, ఆయన తృప్తి చెందేంత, ఆయన సింహాసనం బరువంత, ఆయన వచనాల సిరా అంత స్తుతి అని వాటి భావం. ఎంతసేపు, ఎన్నిసార్లు అన్న దానికంటే ఏం తలుచుకుంటూ అన్నావన్నది అక్కడ తూగింది.

బుఖారీ అనే హదీసు గ్రంథంలో ఆఖరి హదీసు కూడా తూకం గురించే: నాలుకకు తేలిక, త్రాసులో బరువు, కరుణామయుడికి ప్రియమైన రెండు వాక్యాలు. సుబ్‌హానల్లాహి వ బిహమ్దిహీ, సుబ్‌హానల్లాహిల్ అజీమ్.

చిరుజల్లు:
గడియారం భాయ్ మూడో ప్రశ్న దగ్గరికి వస్తాను. కష్టంలో అల్‌హమ్దులిల్లాహ్ అంటే అబద్ధంలా ఉంటుందన్నారు. మీరు వేళ్ల మీద లెక్కపెట్టే ఆ తస్బీహ్ (స్తుతి జపం)కు దగ్గరి చుట్టం ఇంకొకటి ఉంది, నిద్రపోయే ముందు చేసేది. అది పుట్టిందే అలసట మీద.

ప్రవక్త కూతురు హజ్రత్ ఫాతిమా (రజి) తిరగలి తిప్పి తిప్పి చేతులు నొప్పెట్టాయి. తండ్రి దగ్గరికి కొందరు బందీలు వచ్చారని తెలిసి, ఇంటి పనికి ఒక మనిషిని అడుగుదామని వెళ్లారు. ఆయన లేరు. ప్రవక్త సతీమణి ఆయిషా (రజి)కి చెప్పి తిరిగొచ్చేశారు. ఆ రాత్రి ఫాతిమా, ఆమె భర్త అలీ పడుకున్నాక ప్రవక్త (స) వాళ్లింటికి వచ్చారు. వీళ్లు లేవబోతే వద్దని చెప్పి ఇద్దరి మధ్యా కూర్చున్నారు. ఆయన పాదాల చల్లదనం నా రొమ్ముకు తగిలిందని అలీ (రజి) తర్వాత చెప్పుకున్నారు. పనిమనిషి కంటే మేలైనది చెప్పనా అని 33 సార్లు సుబ్‌హానల్లాహ్, 33 సార్లు అల్‌హమ్దులిల్లాహ్, 34 సార్లు అల్లాహు అక్బర్ నేర్పారు. అలీ (రజి) ఆ తర్వాత దాన్ని ఏనాడూ వదల్లేదట. సిఫ్ఫీన్ యుద్ధం (657) రాత్రి కూడానా అని ఎవరో అడిగితే, సిఫ్ఫీన్ రాత్రి కూడా అన్నారు.

ఇందులో నేను చూసేది ఏమిటంటే, ఫాతిమా (రజి) చేతుల నొప్పి దాచుకోలేదు. నొప్పిగా ఉందని చెప్పుకోవడం కృతఘ్నత అని ఆమెతో ఎవరూ అనలేదు. నొప్పి నిజం, అల్‌హమ్దులిల్లాహ్ కూడా నిజం. రెండూ ఒకే రాత్రి, ఒకే ఇంట్లో ఉన్నాయి.

ప్రశ్నార్థకం:
చదవడానికి బాగుంది. కానీ బయట జరిగేది వేరు. మా బంధువుల్లో ఒకామెను భర్త కొడతాడు. ఆమె ఏడుస్తూ వస్తే పెద్దవాళ్లు చెప్పేది ఒకటే మాట: "సబ్ర్ (ఓర్పు) చెయ్యమ్మా, షుక్ర్ చెయ్యి, నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా." కింద ఉన్నవాళ్లను చూడమన్న హదీసు ఉంది, తెలుసు. కానీ దాన్ని దెబ్బలు తిన్న మనిషి ముఖాన కొడితే ఏమనాలి? కృతజ్ఞత అనేది బలవంతుడికి దొరికిన మంచి ఆయుధం అనిపిస్తుంది నాకు.

పాతకాగితం:
భాషలో కాస్త మర్యాద పాటిస్తే బాగుంటుంది. హదీసును ఆయుధం అనడం...

చిరుజల్లు:
@పాతకాగితం గారూ, ఆయన హదీసును అనలేదు, దాన్ని వాడే మనుషుల్ని అన్నారు. ఆ కోపం న్యాయమైనదే.

@ప్రశ్నార్థకం, ఆ హదీసు అసలు మాట "మీకు పైన ఉన్నవాళ్లను చూడకండి, కింద ఉన్నవాళ్లను చూడండి, అల్లాహ్ మీకిచ్చిన అనుగ్రహాన్ని చులకన చేయకుండా ఉండేందుకు అది తగిన మార్గం" అని. అనుగ్రహం గురించి మాట్లాడే మాట అది. దెబ్బలు అనుగ్రహమా? పక్కింటివాడి సంపద చూసి కుళ్లుకునే నాకు, మీకు చెప్పిన మాటను అన్యాయానికి గురైన మనిషికి చెబితే అది హదీసును తప్పు చోట పెట్టడమే.

ఖుర్‌ఆన్‌లో 58వ సూరా (అధ్యాయం) ఎలా మొదలవుతుందో చూడండి. ఖౌలా బిన్తె సఅలబా (రజి) అనే స్త్రీ భర్త తనకు చేసిన అన్యాయం గురించి ప్రవక్త (స)తో వాదించడానికి వచ్చింది. ఒకసారి చెప్పి ఊరుకోలేదు, వాదించింది. నేను అదే గదిలో ఓ మూలన ఉన్నా ఆమె మాటలు కొన్ని నాకు వినపడలేదు అని ఆయిషా (రజి) అంటారు. పైన మాత్రం వినపడింది: "తన భర్త విషయంలో నీతో వాదిస్తూ, అల్లాహ్‌కు మొరపెట్టుకుంటున్న స్త్రీ మాటను అల్లాహ్ విన్నాడు." ఆమెకు జవాబుగా వచ్చినవి ఉపదేశ వాక్యాలు కావు. భార్యను తల్లితో పోల్చి వదిలేసే ఆ పాత ఆచారాన్ని తప్పుపట్టి, అలా అన్నవాడికి పరిహారం విధించారు.

ఇంకా 4:148 ఉంది. చెడును బాహాటంగా చెప్పుకోవడం అల్లాహ్‌కు ఇష్టం లేదు, అన్యాయానికి గురైనవాడు తప్ప. ఆ 'తప్ప'ను మన పెద్దవాళ్లు చదవరు.

మూడోవరుస:
చిరుజల్లు ఆపా చెప్పింది నూరుపాళ్లు నిజం. ప్రవక్త యాఖూబ్ (అలై: ఆయనకు శాంతి) కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నారు. "నా బాధ, నా దుఃఖం అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నాను" అన్నారు (12:86). మన ప్రవక్త (స) తన చిన్నారి కొడుకు ఇబ్రాహీం పోయినప్పుడు కన్నీళ్లు పెట్టుకున్నారు. కన్ను చెమ్మగిల్లుతుంది, గుండె బాధపడుతుంది, ప్రభువుకు ఇష్టమైనదే పలుకుతాం అన్నారు. నవ్వు ముఖం పెట్టుకోవాలని ఎవరికీ చెప్పలేదు.

రాత్రిడ్యూటీ:
నేను ఐసీయూలో రాత్రి షిఫ్టు చేస్తాను. షుక్ర్ గురించి నాకు తెలిసింది అక్కడిదే, కాబట్టి చెబుతాను.

వెంటిలేటర్ మీదున్న మనిషికి ఊపిరి మెషీనే ఇస్తుంది. కోలుకుంటున్నప్పుడు మెషీన్ సాయం మెల్లగా తగ్గిస్తూ, సొంతంగా పీల్చగలడా అని చూస్తాం. స్క్రీన్ మీద అప్పటిదాకా ఒకే కొలతలో వస్తున్న గీతల మధ్య ఒక చిన్న వంకర గీత కనిపిస్తుంది. అంచనాకు అందని చోట, కొంచెం పొట్టిగా. అది మెషీన్ ఇచ్చింది కాదు, ఆ మనిషి తానుగా లాగిన ఊపిరి. పక్కన ఎవరున్నా లేకపోయినా నా నోట్లోంచి అల్‌హమ్దులిల్లాహ్ వచ్చేస్తుంది. ఆ క్షణంలో నేను కూడా ఊపిరి పీలుస్తున్నానని గుర్తొస్తుంది. అంతకుముందు గంటసేపు పీల్చినదాని గురించి నాకు తెలియనే తెలియదు. అనుగ్రహాలు లెక్కపెట్టాలన్నా మీవల్ల కాదని 16:18లో ఉన్నది కవిత్వం కాదని అక్కడే అర్థమైంది.

ఇక రెండో సంగతి. ఇస్లామీయ పండితుడు ఇమామ్ గజ్జాలీ (మరణం 1111) షుక్ర్‌ను మూడు ముక్కలుగా చెబుతారు: ఇచ్చినవాడెవరో తెలియడం, దానివల్ల మనసుకు కలిగే స్థితి, ఆ స్థితి చేయించే పని. మనం మొదటిదీ రెండోదీ గురించే గంటలు గంటలు మాట్లాడుకుంటాం. పని? దావూద్ (అలై) కుటుంబంతో అల్లాహ్ అన్న మాట చూడండి (34:13): "కృతజ్ఞతగా పని చేయండి. నా దాసుల్లో కృతజ్ఞులు తక్కువ." చెప్పండి అనలేదు, చేయండి అన్నాడు. మనసు రాలేదని నా రోగి మందు ఆపలేను కదా. చేతులు పని చేస్తూ ఉంటే ఒక్కోసారి మనసు తర్వాత వచ్చి చేరుతుంది.

గడియారం_ముల్లు:
@రాత్రిడ్యూటీ రెండుసార్లు చదివాను. మనుషులకు కృతజ్ఞతలు చెప్పనివాడు అల్లాహ్‌కు చెప్పనట్టే అన్న హదీసు ఉంది కదా. అందుకే ముందు మీకు: జజాకల్లాహు ఖైరన్ (అల్లాహ్ మీకు మేలు చేయుగాక).

బటన్_నొక్కుడు:
పని అంటే గుర్తొచ్చింది, ఆ ముగ్గురి హదీసు ఎవరైనా పూర్తిగా చెప్పండి. కుష్ఠురోగి, బట్టతలవాడు, గుడ్డివాడు.

మూడోవరుస:
బుఖారీ, ముస్లిం రెండింట్లోనూ ఉంది. ఇస్రాయీల్ సంతతిలో ముగ్గురు. దైవదూత వచ్చి ముగ్గురినీ బాగుచేసి, ఒకరికి ఒంటెను, ఒకరికి ఆవును, ఒకరికి గొర్రెను ఇచ్చాడు. అవి పెరిగి పెరిగి లోయలకు లోయలు నిండాయి. కొన్నాళ్లకు అదే దూత వాళ్ల పాత రూపంలోనే బీదవాడిగా వచ్చి చెయ్యి చాచాడు. మొదటి ఇద్దరూ "ఇది మాకు తాతముత్తాతల నుంచి వచ్చిన ఆస్తి" అన్నారు. ఒకప్పుడు గుడ్డివాడైన మూడో అతను, "నేనూ గుడ్డివాణ్నే, అల్లాహ్ చూపు ఇచ్చాడు. కావలసింది తీసుకో, కావలసింది వదిలెయ్, అడ్డు చెప్పను" అన్నాడు. అతనిది అతనికే మిగిలింది. ఆ ఇద్దరూ పాత స్థితికి పోయారు.

వాళ్లు దేవుణ్ని తిట్టలేదని గమనించండి. ఇచ్చినవాడి పేరు తీసేసి తాతల పేరు పెట్టారు, అంతే.

కొత్తగా_వచ్చా:
మీరంతా ఒంటరి జిక్ర్ గురించే చెబుతున్నారు. అందరూ కూర్చుని గట్టిగా చేసే జిక్ర్‌లో మనసు లగ్నమైనంతగా దేనిలోనూ కాదు. నా అనుభవం.

పాతకాగితం:
దానికి ఆధారం? సహాబాలు ప్రయాణంలో గట్టిగా తక్బీర్ (అల్లాహు అక్బర్) చెబుతుంటే, మీరు పిలుస్తున్నది చెవిటివాణ్నో, దూరంగా ఉన్నవాణ్నో కాదని ప్రవక్త (స) ఆపారు. 7:205 కూడా మనసులో, వినయంతో, గొంతు పెంచకుండా అంటుంది.

కొత్తగా_వచ్చా:
ఫర్జ్ నమాజు తర్వాత గట్టిగా జిక్ర్ చేయడం ప్రవక్త కాలంలో ఉండేదని ఇబ్ను అబ్బాస్ (రజి) చెప్పింది కూడా బుఖారీలోనే ఉంది. సూఫీ మార్గాల్లో నఖ్ష్‌బందీలు మౌనంగా చేస్తారు, ఖాదిరీలు వినపడేలా చేస్తారు. శతాబ్దాలుగా ఉన్నదే.

వేదిక_కాపరి:
ఈ గొడవకు ఇప్పటికే వేరే చర్చ నడుస్తోంది, ఇద్దరూ అక్కడికి రండి. ఇక్కడ ఇంతటితో ఆపేద్దాం.

తెల్లకాగితం:
చిన్న సందేహం. నెలసరి రోజుల్లో నమాజు ఉండదు. ఆ రోజుల్లో అంతా తెగిపోయినట్టు ఉంటుంది నాకు. జిక్ర్ చేయొచ్చా అక్కా?

చిరుజల్లు:
నిక్షేపంగా చెల్లీ. తస్బీహ్, దుఆ (వేడుకోలు), ఇస్తిగ్ఫార్ (క్షమాపణ కోరడం) దేనికీ అడ్డు లేదు. ప్రవక్త (స) అన్ని వేళల్లోనూ అల్లాహ్‌ను స్మరించేవారని ఆయిషా (రజి) చెప్పిన మాట ముస్లింలో ఉంది. ముసల్లా (నమాజు చాప) మీద కాసేపు ఊరికే కూర్చుని చేసుకో, తెగినట్టు అనిపించదు.

గడియారం_ముల్లు:
ఆఖరిగా ఒకటి అడుగుతాను. రోజూ పట్టుకోవడానికి ఒక్క దుఆ చెప్పమంటే ఏది చెబుతారు? పెద్ద లిస్టు వద్దు, లిస్టులు నా ఫోన్‌లో చాలా ఉన్నాయి.

లెక్కల_మాస్టారు:
ముఆజ్ (రజి) అనే సహాబీది. ప్రవక్త (స) ఆయన చెయ్యి పట్టుకుని, "ముఆజ్, అల్లాహ్ సాక్షి, నువ్వంటే నాకు ప్రేమ" అని చెప్పి, ప్రతి నమాజు చివర దీన్ని వదలొద్దన్నారు: అల్లాహుమ్మ అఇన్నీ అలా జిక్రిక వ షుక్రిక వ హుస్ని ఇబాదతిక. "అల్లాహ్, నిన్ను స్మరించడానికి, నీకు కృతజ్ఞత చూపడానికి, నిన్ను చక్కగా ఆరాధించడానికి నాకు సాయం చెయ్యి." మీరడిగిన జిక్ర్, షుక్ర్ రెండూ ఇందులో ఉన్నాయి. రెంటికీ సాయం అడగమన్నారంటే సొంత బలంతో అయ్యే పని కాదనేగా. 2:152లో కూడా ఈ రెండూ జంటగానే వస్తాయి.

తూరుపు_కిటికీ:
నాకు అర్థమైనంతవరకు, మనసు నిలవకపోవడం గురించి మీరంతా నా అంతే ఇబ్బంది పడుతున్నారు. బయటి నుంచి చూస్తే అలా అనిపించదు సుమండీ. 31:12 అని ఎక్కడో చదివాను, లుఖ్మాన్‌కు ఇచ్చిన వివేకం గురించి. దాని గురించి ఇంకోసారి అడుగుతాను.

ప్రశ్నార్థకం:
చిరుజల్లు గారూ, మీరు చెప్పిన 58:1 ఆమెకు పంపాను. ఇన్నేళ్లలో ఇది నాకెవరూ చెప్పలేదే అంది. ఇప్పుడు ఖులా (భార్య కోరి తీసుకునే విడాకులు) గురించి అడుగుతోంది. అది ఇక్కడ అడగొచ్చా, వేరేగా పెట్టాలా?

చిరుజల్లు:
వేరేగా పెట్టండి అన్నా, ఇక్కడైతే కింద పడిపోతుంది. సాబిత్ బిన్ ఖైస్ భార్య తోట తిరిగిచ్చి విడిపోయిన హదీసు దగ్గర మొదలుపెడదాం. ఇంకో మాట, ముందు ఆమె ఈ రాత్రి సురక్షితమైన చోట ఉందో లేదో కనుక్కోండి.

ప్రశ్నార్థకం:
వాళ్ల అక్క ఇంట్లో ఉంది. పెడుతున్నాను.